సురయ్యా పాటకు కూలి

జనవరి 9, 1982. శనివారం

కృష్ణయ్య సభకు పోయి బంగారంలాంటి సాయంత్రాన్ని బుగ్గి చేసుకున్నాను. సాహిత్య పరిషత్తు కార్యదర్శి అయిన ఈయనగారు జర్మనీ నుంచి ఒక ప్రొఫెసరును పట్టుకొచ్చి వరినాట్ల పాటల మీద ఉపన్యాసం ఇప్పించాడు. బురదలో నడుములు విరిగేలా నాట్లేసిన ఆడవాళ్ల కొడుకులు ముందు వరుసలో కూర్చుని, తమ తల్లులు ఏం పాడేవాళ్లో ఆ దొర నోట ఇంగ్లీషులో విని తలలూపారు. ఒకడు నోట్సు కూడా రాసుకున్నాడు.

సభ అయ్యాక తెర వెనక కృష్ణయ్య దొర చేతిలో కవరు పెడుతుంటే చూశాను.

"సంభావన గట్టిగనే ముట్టినట్టుంది?" అన్నాను.

"ష్! సంభావన అనకయ్యా. ఆయన టూరిస్టు వీసా మీద వచ్చిండు. గా వీసా మీద పని చేసి పైసలు తీసుకునుడు నేరం. రానుపోను ఖర్చులనాలె."

"నీ కార్ల వచ్చిండు, నీ కార్లనే పోతడు. ఖర్చేడిది?"

"నీతోటి ఎప్పుడూ ఇదే లొల్లి రామలింగం."

చదువుకున్న జాతి మొత్తం ఇంతే. పుచ్చుకునేది కూలి, పలికేది రానుపోను. కూలి అన్న మాట నోట పడితే నాలుక మైలపడుతుంది వీళ్లకు. దీని మీద రాయాలి.

జనవరి 11

కింద ఇంట్లో పండగలా ఉంది. ఇంటాయన జాఫర్ పత్తర్‌గట్టిలో దుకాణం మూసి మరీ పొద్దున స్టేషనుకు పోయాడు. షేర్వానీలు కుట్టే మనిషి పెళ్లిళ్ల రోజుల్లో దుకాణం మూయడం నేను ఈ వాటాలోకి వచ్చాక ఇదే చూడడం. భార్య రహీమా అక్క సురయ్యా కరాచీ నుంచి వచ్చింది. పెళ్లయి వెళ్లింది మొదలు ఇప్పటిదాకా హైదరాబాదు మొహం చూడలేదట. మధ్యలో యుద్ధాలు, మూసిన సరిహద్దులు, తిప్పి పంపిన దరఖాస్తులు. తల్లి చచ్చిపోతే కూడా రానివ్వలేదు. ఇప్పుడు రహీమా కూతురు తస్నీమ్ పెళ్లని వీసా దొరికింది. ఫిబ్రవరి పద్నాలుగు పెళ్లి. పన్నెండున మంజే, అంటే పిల్లకు పసుపు పెట్టే వేడుక. ఆ రోజు ఆడవాళ్లు ఢోలక్ ముందేసుకుని పాడతారు. మొదటి పాట ఎత్తుకునే హక్కు ఇంటి పెద్దామెది. తల్లి లేదు కనుక సురయ్యాది. దానికోసమే వచ్చిందని సుందరమ్మ చెప్పింది. టెలిఫోన్ ఎక్స్చేంజిలో డ్యూటీ దిగి వచ్చిన నా భార్య పైకి రాకుండా కిందే కూర్చుండిపోయింది. అన్నం నేనే వడ్డించుకున్నాను.

వచ్చిన మనిషిని కాళ్లు కడుక్కోనివ్వకుండా పోలీసు ఆఫీసుకు తీసుకుపోయి పేరు రాయించాలట. ఊరు దాటకూడదట. చుట్టాలను చూడడం తప్ప వేరే పని పెట్టుకోకూడదట. హుస్సేనీ ఆలంలో ఈ గల్లీకి అవతల పుట్టిన ఆడమనిషికి హైదరాబాదులో ఎన్నాళ్లుండాలో ఒక గుమాస్తా చెబుతాడు. మొన్నటి దొరకు ఎవరు చెప్పారు?

జనవరి 13

మధ్యాహ్నం కింద పాడుతున్నారు. పెన్ను పక్కన పెట్టాను.

జనవరి 17

నా పత్రిక 'నిలదీత' వార్షికోత్సవం వచ్చే ఆదివారం. ఈ ఏడు కవులు వద్దు. చాలు. పోయినేడు ఒకడు తన కవిత తానే చదువుకుని తానే ఏడ్చాడు. సురయ్యా చేత ఢోలక్ పాటలు పాడిస్తాను. పరిషత్తువాళ్లు దొర నోట వింటారు, నేను మనిషి నోట వినిపిస్తాను.

కిందికి పోయి అడిగాను. ఆమె చిన్నప్పుడు వీధిలో నేర్చిన తెలుగును ఇంకా దాచుకుంది.

"నక్కో భాయ్‌సాబ్. మేం ఇంట్ల పాడేటోళ్లం. స్టేజీలు మాకెందుకు?"

"ఇంట్లనే ఉంచితే ఇవి మీతోటే పోతయి."

"పోనీయండి. నేను కూడ పోతనే కదా."

రహీమా నవ్వింది. సురయ్యాను ఆపా, అంటే అక్క, అని పిలిచే జాఫర్ మాత్రం నవ్వలేదు. "రామలింగం భాయ్, ఆపా వీసా చూసినవా? చుట్టాల వీసా. పెండ్లి అయ్యేదాంక మాకు ఏ ఫికర్ వద్దు" అన్నాడు.

"పాట పాడితే నేరమా? ఏ సెక్షన్ చెప్పు."

సెక్షన్ అనేసరికి జాఫర్ మిషను తొక్కడం మొదలుపెట్టాడు. భయం ఎప్పుడూ ఇలాగే తల వంచుకుని పని చూసుకుంటుంది.

సురయ్యాను ఒప్పించినది సుందరమ్మ. "మా ఆయన పట్టిండంటే విడువడు ఆపా. రెండు పాటలు పాడి పంపిచ్చెయ్, ఏడాది దాంక మాకు శాంతి" అందట. నా వాదన పనిచేసిందనే అనుకుంటున్నాను.

జనవరి 24. ఆదివారం

హాలు నిండింది. గోషా ఆడవాళ్లు కూడా వచ్చి వెనక కూర్చున్నారు. నా పత్రిక పదేళ్లలో ఇలాంటి సభ లేదు. రహీమా ఢోలక్ వేస్తుంటే సురయ్యా పాడింది. వియ్యపురాలి వంట మీద ఒక పాట, పెళ్లికొడుకు ముక్కు మీద ఒక పాట. పేర్లు అప్పటికప్పుడు మార్చి సభలో వాళ్లకే అంటగడుతుంటే కృష్ణయ్య కూడా పొట్ట పట్టుకుని నవ్వాడు. అప్పగింతల పాటకు మాత్రం హాలు చల్లబడిపోయింది.

సరిగ్గా అప్పుడు వెనక నుంచి ఒక ముసలామె లేచి వచ్చింది. నోటు తీసి సురయ్యా తల చుట్టూ తిప్పి ఆమె ముందున్న పళ్లెంలో వేయబోయింది. వాళ్లలో అలవాటట. దిష్టి తీసినట్టు తిప్పి వేస్తారు. అది పాడినామె ఉంచుకోదు, పేదలకు పోతుంది. ఎవరి చేతినుంచి ఎవరి చేతికీ ఇచ్చినట్టు కాదు. ఇదీ జాగీర్దారీ సంస్కృతి! ఇచ్చేవాడు దాత, పుచ్చుకునేది దిష్టిబొమ్మ. మధ్యలో మనిషి శ్రమ ఎక్కడుంది?

ముసలామెను ఆపాను. మైకు తీసుకున్నాను. "ఇక్కడ దానాలు లేవు, నజరానాలు లేవు. రానుపోను ఖర్చులనే దొంగ పేర్లు అసలే లేవు" అని కృష్ణయ్య వైపు చూసి, "ఇది సురయ్యా బేగం శ్రమకు 'నిలదీత' ఇస్తున్న కూలి" అని కవరు ఆమె చేతిలో పెట్టాను. కుర్రకారు చప్పట్లు కొట్టారు. కృష్ణయ్య మొహం చూడవలసిందే.

దారిలో సుందరమ్మ, "కవరు అందంగనే ఆమె రహీమా దిక్కు చూసింది, చూసినవా?" అంది.

ఉద్వేగం. జీవితంలో మొదటిసారి ఆమెను ఒకడు కళాకారిణి అన్నాడు.

జనవరి 25

కవరులోదంతా సురయ్యా పొద్దున్నే ఆ ముసలామె గల్లీలో పంచేసిందట. ఎంత చెప్పినా వీళ్ల బుర్రల్లోంచి దానం పోదు.

జనవరి 26

జెండా వందనాలకు పోలేదు. కూర్చుని రాశాను. శీర్షిక: 'భిక్ష కాదు, కూలి'. చేయి తిరిగిన రోజు ఇది. కరాచీ నుంచి వచ్చిన సురయ్యా బేగం తన పాటకు కూలి పుచ్చుకుని ఈ నగర మేధావుల చెంప పగలగొట్టిందని మొదటి వాక్యంలోనే రాశాను. ఛత్తా బజారు ప్రెస్సులో శుభలేఖల మధ్య ఇరికించి వేస్తామన్నారు.

జనవరి 30

పత్రిక వచ్చింది. మూడు చోట్ల అచ్చుతప్పులు. సుందరమ్మ నిలబడే చదివింది.

"పేరు, ఊరు, పైసలు తీసుకున్న సంగతి. అన్నీ పెట్టినవు?"

"సాక్ష్యం లేని వ్యాసం వ్యాసమే కాదు."

"సాక్ష్యం ఎవరికి కావాలె?" అంది.

ప్రశ్న అర్థం కాలేదు. డ్యూటీకి టైమైందని వెళ్లిపోయింది.

ఫిబ్రవరి 2

పోలీసులు వచ్చారు. సురయ్యాను, జాఫర్‌ను, నన్ను రేపు విదేశీయుల సెక్షన్‌కు రమ్మన్నారు. వచ్చిన జవాను చంకలో 'నిలదీత' ఉంది. పదేళ్లుగా చందాదారులు చదవని పత్రికను పోలీసులు చదువుతున్నారు. ఈ రాజ్యానికి ఎక్కడ నొప్పి తగులుతుందో నాకు తెలుసు.

కింద ఎవరూ పాడడం లేదు.

ఫిబ్రవరి 3

ఇన్‌స్పెక్టర్ ఆనందరావు. లావుపాటి మనిషి, మర్యాదస్తుడు. నాకు మర్యాదస్తులైన పోలీసులంటే అసహ్యం. తిట్టేవాడితో వాదించవచ్చు.

"కూర్చోండి సార్. వ్యాసం మస్తుగ రాసిన్రు" అన్నాడు. పత్రిక తెరిచి పెట్టుకున్నాడు. కూలి అన్న చోటల్లా ఎర్ర గీత. "అమ్మా, మీ వీసా చుట్టాలను చూసి పోనీకి. పని చేసి పైసలు తీసుకునుడు ఇందుల లేదు."

సురయ్యా నేల చూస్తూ, "నేను పని చెయ్యలె సాబ్. పాడిన" అంది.

"ఈ సారు పని అంటున్రు కదమ్మా."

జాఫర్ లేచి నిలబడి చేతులు జోడించాడు. "ఆమె ఒక్క పైస కూడ ఉంచుకోలేదు సాబ్. అంత గరీబులకు పంచింది."

"తీసుకున్నంక పంచినా, దాచినా ఒకటేనయ్యా. అయితే అంత పెద్ద సంగతేం కాదు." ఆనందరావు ఒక తెల్ల కాగితం నా వైపు జరిపాడు. "సార్, ఒక్క ముక్క రాసియ్యండి. ఇంటి చుట్టం పాడితే ముచ్చటపడి చేతుల ఏదో పెట్టినం, కూలి అన్నది ఊరికె అలంకారంగ రాసిన అని. ఇక్కడికిక్కడ ఖతం చేస్త. పెండ్లికి నన్ను కూడ పిలవండి."

"నేను అలంకారాలు వాడను" అన్నాను.

సురయ్యా తలెత్తి నన్ను చూసింది. "రాసిచ్చేయండి భాయ్‌సాబ్. ఒక్క ముక్కనే అంటున్రు కదా."

ఆమెకు తెలియదు, ఆ ఒక్క ముక్క రాస్తే నేను కృష్ణయ్యనవుతాను. నేను ఆనందరావును సూటిగా అడిగాను. పోయిన నెల జర్మన్ దొర మూడు సభల్లో మాట్లాడి కవర్లు పుచ్చుకున్నాడు, అతన్నెందుకు పిలవలేదు?

"ఆయన కూలి తీసుకున్నట్టు ఎవరూ రాయలేదు సార్."

"అంటే అబద్ధమాడితే వీసా ఉంటది, నిజం చెప్తే పోతదా?"

"నాకు వేదాంతం తెల్వదు సార్. కాగితం తెలుసు."

ఇలాంటివాళ్ల చేతుల్లో ఉంది దేశం. వివరణ ఇంటి దగ్గర రాసి తెస్తానని లేచి వచ్చాను. మెట్ల మీద జాఫర్ నా మోచేయి పట్టుకుని, "గా ఒక్క ముక్క చాలు భాయ్. ఇంకేం రాయకు" అన్నాడు. అతనిలో ఇంత బానిసత్వం ఉందని తెలియదు.

ఫిబ్రవరి 4

సెలవు పెట్టి రాశాను. ఏడు పేజీలు. శ్రమ అంటే ఏమిటి, పాట శ్రమ ఎందుకవుతుంది, గాయకుణ్ణి చుట్టంగా మాత్రమే రానిచ్చే చట్టం గాయకుణ్ణి ఎలా అవమానిస్తుంది, ప్రొఫెసర్ల కవర్లకు కళ్లు మూసుకునే సర్కారు ఒక ఆడమనిషి చేతిలో నోటు కనబడగానే ఎందుకు కళ్లు తెరుస్తుంది. ఈ దెబ్బతో ఆ నిబంధనే మారాలి. నిజానికి సురయ్యా అదృష్టవంతురాలు. ఆమె పేరుతో ఒక పోరాటం మొదలవుతోంది.

సుందరమ్మకు చదివి వినిపించాను. కూరగాయలు తరుగుతూ అంతా విన్నది.

"అందుల గా ఒక్క ముక్క ఉన్నదా?"

"దానికంటే గట్టి వాదనలున్నయి."

"గా ముక్క ఉన్నదా, లేదా?"

లేదని చెప్పాను. ఆమె కత్తిపీట పక్కకు పెట్టి కిందికి వెళ్లింది. నేను ఒప్పుకున్నానని చెప్పడానికి కాదని నాకు తెలుసు.

ఫిబ్రవరి 5

ఇచ్చి వచ్చాను. ఆనందరావు మొదటి పేజీ చదివి, చివరి పేజీ తిప్పి చూసి, "ఇదేనా సార్? మళ్లొకసారి ఆలోచన చేస్తరా?" అన్నాడు. వాదనకు జవాబు లేనివాడు ఇలాగే అడుగుతాడు.

ఫిబ్రవరి 7

మెట్ల దగ్గర రహీమా ఎదురైంది. కొంగు సర్దుకుని గోడవైపు తిరిగింది. పనిలో ఉండి చూడలేదనుకుంటాను.

ఫిబ్రవరి 8. సోమవారం

జాఫర్ పైకి వచ్చాడు. ఎప్పుడూ మొదటి మెట్టు మీదనుంచే 'రామలింగం భాయ్' అని కేకేసేవాడు, ఇవ్వాళ తలుపు దగ్గర నిలబడేదాకా తెలియలేదు.

"ఆపా వీసా రద్దయింది. పదమూడో తారీకు లోపల సరిహద్దు దాటాలెనంట."

"పద్నాలుగు కదా పెండ్లి?"

"పెండ్లి ఎన్నడో నీకు కూడ యాదున్నదా భాయ్?"

నేను హైకోర్టు అన్నాను. సంతకాల సేకరణ అన్నాను. అతను గుమ్మం దాటి లోపలికి రాలేదు.

"నేను దర్జీని. గిరాకి తన కొలత తప్పు చెప్తడు, అయినా ఒంటి మీదికి సరిగ్గ వచ్చెటట్టు కుడ్త. మనిషి ఒళ్లు చూసి బట్ట కోయాలె. నువ్వు బట్ట చూసి మనిషిని కోసినవ్."

"తప్పు నిబంధనది, జాఫర్."

"అవును భాయ్. నిబంధన గుడ్డిది. నీకు కండ్లున్నయి కదా?"

దిగిపోయాడు. అద్దె సంగతి ఏమైనా అంటాడేమో అనుకున్నాను, అనలేదు. అని ఉంటే బాగుండేది. దానికి నా దగ్గర జవాబుంది.

ఫిబ్రవరి 9

ఆ ఆఫీసు వైపు వేరే పని ఉండి వెళ్లాను. అటు వెళ్లాను కదా అని ఆనందరావును చూశాను. నా జేబులో ఏదో కాగితం ఉంది.

"ఇప్పుడా సార్?" అన్నాడు, నేను ఏమీ అడగకముందే. "మొదటి రోజే గా ముక్క రాసి ఉంటే నా బల్ల మీదనే ఖతమయ్యేది. ఇప్పుడు మీ ఏడు పేజీలు పెద్ద సాబుల దగ్గరున్నయి. అది ముమ్మాటికి కూలేనని గంత గట్టిగ వాదించినంక, ఇయ్యాల కాదంటే ఎవరు నమ్ముతరు? మీరు బాగ రాస్తరు సార్. అదే పరేషానయింది."

"నేను అందుకు రాలేదు" అన్నాను.

"అట్లనా" అని చాయ్ తెప్పించాడు. తాగకుండా వచ్చాను. పోలీసు చాయ్.

ఫిబ్రవరి 10

నాంపల్లి స్టేషను. నన్ను ఎవరూ రమ్మనలేదు, సుందరమ్మ వెనక వెళ్లాను. సురయ్యా కిటికీ పక్కన కూర్చుంది. రహీమా కింద నిలబడి అక్క చేతిని కిటికీ ఊచల్లోంచి పట్టుకుని వదలడం లేదు. జాఫర్ కూజాలో నీళ్లు నింపి తెచ్చాడు.

నేను ముందుకు వెళ్లి, ఈ అన్యాయాన్ని వచ్చే సంచికలో వదలనని చెప్పాను.

"నక్కో" అంది సురయ్యా. చేయెత్తి దండం పెట్టింది. "ఇంక నా పేరు రాయకండి భాయ్‌సాబ్. దయచేసి."

"మళ్లీ వచ్చినప్పుడు..."

"నా పేరు మీద గీత పడ్డది. ఇంక వీసా ఎవరిస్తరు?" అంది. తర్వాత నన్ను చూసి నవ్వింది. "మీరు మంచిగనే అనుకున్నరు. కరాచీల కూడ ఉన్నరు మీ అసుంటోళ్లు. మస్తు చదువుకున్నోళ్లు. వాళ్ల ఇండ్లళ్ల కూడ భార్యలే నౌకరీ చేస్తరు."

సుందరమ్మ పకాలున నవ్వింది. అక్కడే, ఆ నవ్వు మధ్యలోనే ఏడ్చింది. బండి కదిలింది. రహీమా రెండు పెట్టెల దూరం కిటికీ వెంట నడిచింది.

నాకూ ఉద్యోగం ఉంది. సగం జీతం పత్రికకు పోతుందన్నది వేరే సంగతి.

ఫిబ్రవరి 11

ఏమీ రాయలేదు.

ఫిబ్రవరి 12. శుక్రవారం

మంజే. జాఫర్ మనిషిని పంపి పిలిపించాడు. పిలవకపోయి ఉంటే ఈ మతాచారాల మీద నాలుగు మాటలు చెప్పుకుని పైనే కూర్చునేవాణ్ణి. వాకిట్లో మగవాళ్ల మధ్య చోటిచ్చారు. చేతికి కప్పులో ఖుబానీ కా మీఠా అనే పండ్ల తీపి ఇచ్చారు. మధ్యాహ్నం ఎండ షామియానా చిరుగుల్లోంచి పడుతోంది. పరదా అవతల ఆడవాళ్లు, పసుపు బట్టల్లో తస్నీమ్.

పాట మొదలు కాలేదు. మాటలు ఆగాయి, గాజుల చప్పుడు ఆగింది, అయినా ఎవరూ ఎత్తుకోలేదు. మొదటి పాట సురయ్యాది. ఎవరో ముసలామె "చలో రహీమా, తూఁ షురూ కర్" అంది, నువ్వే మొదలుపెట్టమని. మగవాళ్లు కూడా మాటలాపి వింటున్నారు. జాఫర్ పళ్లెం పట్టుకుని వాకిలి మధ్యలో నిలబడిపోయాడు.

అప్పుడు ఢోలక్ మీద దెబ్బ పడింది. రహీమా గొంతు. జలుబు చేసినట్టుంది. అల్లా పేరు మీద మొదటి చరణం సగం పాడి ఆపేసింది. అవతల ముక్కులు చీదుతున్నారు. తర్వాత ఢోలక్ నడక మారింది, వేళాకోళం పాటల నడక.

ఊపర్ వాలే పండిత్‌జీ, బాతాఁ లంబే లంబే జీ
ఘర్ ఆయే మెహమాన్ కూ, భేజ్ దియే ఘర్ వాపస్ జీ

పై వాటాలో పండితుడు, పొడుగు పొడుగు మాటల వాడు, ఇంటికొచ్చిన చుట్టాన్ని ఇంటికే తోలిన వాడు. ఇలాంటి వేడుకల్లో వియ్యాలవారిని తిట్టాలి. అది పద్ధతి. పద్ధతి తప్పి రహీమా నా మీద పాట ఎత్తుకుంది. పరదా అవతల ఒక్కసారిగా నవ్వులు. వాకిట్లో మగవాళ్లందరూ నా వైపు తిరిగారు. పెళ్లికొడుకు తరఫు పెద్దాయనకు సంగతి తెలియదు, నా వీపు తట్టి నవ్వాడు. తిట్టించుకున్నవాడు కూడా నవ్వాలి. అదీ పద్ధతే. నవ్వాను. జాఫర్ ఒక్కడు నవ్వలేదు. నా కప్పులో ఇంకాస్త మీఠా వేసి ముందుకు పోయాడు.

రెండో చరణం ఎత్తుకున్న గొంతు తెలుగు గొంతు. ఉర్దూ మాటలు తప్పులు పోతున్నా తాళం తప్పడం లేదు. ఇరవై నాలుగేళ్లుగా నాతో ఉంటున్న మనిషి పాడుతుందని నాకు ఇవ్వాళే తెలిసింది. ఏం పాడిందో ఇక్కడ రాయను.

అయినా నన్ను పండితుడనడం శుద్ధ తప్పు. జీవితమంతా పండితులను తిట్టినవాణ్ణి. దీనికి జవాబు రాయాలి.

ఎవరికి రాయాలి?

కింద ఇంకా పాడుతున్నారు.